అంబ్రేజ్‌కి పన్నెండో చీటీ

7, సోమవారం

పొద్దున కిటికీ ఊచకి నా వెంట్రుక ఒకటి చుట్టి ఉంది. అక్క దువ్వెనలో దొరికినట్టుంది. పారేయవచ్చు. పారేయకుండా, సరిగ్గా నా మంచం వైపు ఊచకి మూడు చుట్లు చుట్టి, చివర ముడి కూడా వేసింది. తన దువ్వెన ముట్టుకున్నందుకు ఫిర్యాదు అన్నమాట. నోరు తెరిచి తిడితే సరిపోయేది. కానీ అక్క నాతో మాట్లాడటం మానేసి ఇవాళ్టికి మూడో రోజు.

శనివారం మధ్యాహ్నం ఉత్తరం పట్టుకుని గదిలోకి వచ్చింది. "ఉద్యోగం వచ్చిందే! పెద్ద నిఘంటువులో. ఇరవయ్యారున బయల్దేరాలి" అంది. నేను పుస్తకం చదువుకుంటున్నాను. "ఓహో" అన్నాను. మంచి పేజీలో ఉన్నాను కాబట్టి తల ఎత్తలేదు.

ఓహో అంటే అభినందనే. ఎవరినైనా అడగవచ్చు.

నాకు మాత్రం ఏ కోపమూ లేదు. తరవాత ఎవరైనా అడిగితే చూపించడానికి రాసి పెట్టుకుంటున్నాను.

ఇద్దరికీ ఒకటే ఆఫీసు, ఒకటే గొడుగు. ఇవాళ గొడుగు అక్క పట్టుకుంది. నేను నాలుగడుగులు వెనకగా ఎండలో నడిచాను. నాకు ఎండ ఇష్టం.

8, మంగళవారం

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుకి పెద్దసార్ కొత్త మాట ఇచ్చారు. అంబ్రేజ్. నెలాఖరుకి యు అక్షరమంతా అచ్చుకి పోవాలి.

"అమ్మాయ్, దీనికి మూడు అర్థాలు. చెట్టు నీడ, అనుమానం, అలక. మొదటి రెండూ ముసలివైపోయాయి. మూడోది ఇంకా బతికుంది. దాని సంగతి చూడు."

"అలక అని రాసేస్తే సరిపోదా సార్?"

"అలిగినవాళ్ళు బతిమాలేవాళ్ళ కోసం ఎదురుచూస్తారు. అంబ్రేజ్ తీసుకున్నవాడు ఎదురుచూస్తాడా? కనుక్కుని రాయి."

ఎక్కడ కనుక్కోవాలో చెప్పలేదు. నియమాలు మాత్రం, నేనేదో నిన్న చేరినట్టు, మళ్ళీ మొదటి నుంచీ వినిపించారు. తెలుగు మాట సరిపోయిందో లేదో తేల్చడానికి బతికున్న మనుషుల నోట విన్న వాక్యాలు కావాలి. చీటీ ముందువైపు వాక్యం. వెనకవైపు ఎవరన్నారు, ఎక్కడ, ఏ తారీఖున. చీటీ రెండో పాఠకురాలి బల్ల మీదికి పోతుంది. ఆవిడ ఆకుపచ్చ సిరాతో అభ్యంతరం రాస్తే నేను ఇంకో చీటీ మీద జవాబు రాసి దానికి గుచ్చాలి. నోటితో వాదించకూడదు. ఎప్పుడో డి అక్షరం దగ్గర ఇద్దరు సంపాదకులు ఒక మాట మీద వాదించుకుని ఒకరి కళ్ళజోడు ఒకరు విరగ్గొట్టుకున్నారట. రెండో పాఠకురాలి సంతకం లేనిదే ఏ మాటా అచ్చుకి పోదు.

రెండో పాఠకురాలు అక్క.

మా బల్లల మధ్య పుస్తకాల బీరువా ఉంది. దాని కింద నుంచి ఆమె చెప్పులు కనిపిస్తాయి. ఇవాళంతా ఎడమ చెప్పు ఊగుతూనే ఉంది. కోపం తగ్గలేదని అర్థం.

9, బుధవారం

ఈ మాట నాకు పాత పరిచయమే. కాన్వెంటులో ఉండగా మదర్ ఇంటికి ఉత్తరం రాశారు, మీ అమ్మాయికి అంబ్రేజ్ తీసుకునే అలవాటు ఎక్కువగా ఉంది, మాన్పించండి అని. అమ్మ ఆ ఉత్తరం చదివి నా సంచీ అంతా వెతికింది, ఏం మాత్రలు మింగుతున్నానో అని.

అమ్మది పూర్తిగా తప్పని కూడా అనలేం. ఇంగ్లీషులో ఇది నిజంగానే తీసుకునే వస్తువు. ఎవరూ ఇవ్వకపోయినా తీసుకోవచ్చు. మొదట్లో నీడ అనే అర్థమే. నీడలోంచి అనుమానం వచ్చింది, అనుమానంలోంచి అలక వచ్చింది. దీని ఫ్రెంచి చుట్టం ఒకటుంది, తన నీడ చూసి తనే బెదిరే గుర్రాన్ని అనేవారట. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. బీరువా కింద చెప్పు ఆగింది. నేను ఎందుకు నవ్వుతున్నానో అడగాలని ఉంది పాపం.

అడగలేదు. నేనూ చెప్పలేదు.

10, గురువారం

ఎండ బాగుంది. కాస్త తలనొప్పి.

11, శుక్రవారం

ఇవాళ చేసింది పని కోసమే చేశాను.

మా చీటీల అరలు చూసే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఎవరికీ సొంత బాబాయ్ కాదు. టీ తాగి హాయిగా ఉన్నప్పుడు వెళ్ళి, "బాబాయ్, టి అరలో ఒక చీటీ తప్పు చోట ఉన్నట్టుంది" అన్నాను. ఉన్నట్టుంది అన్నాను, ఉంది అనలేదు.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు.

"ఇరవై తొమ్మిదేళ్ళు. ఇంటావిడ పేరు మర్చిపోయిన రోజుందేమో కానీ చీటీ తప్పు చోట పెట్టిన రోజు లేదు. ఆ మాట నువ్వనాల్సింది కాదమ్మా."

బల్ల కింద రాసుకున్నాను. చక్కటి వాక్యం. ఇంకోటి కావాలి.

"పోనీలే బాబాయ్, నేనే చూసుకుంటాను."

"చూసుకో. అన్నీ నువ్వే చూసుకో. ఇవిగో తాళాలు. రేపట్నుంచి నేను వరండాలో కూర్చుని గాలి పీల్చుకుంటా."

రెండు. సాయంత్రం వెళ్ళేటప్పుడు "వస్తాను బాబాయ్" అన్నాను.

"ఎవరమ్మా తమరు?"

మూడు. మూడు చీటీలూ రాసి అక్క తట్టలో వేశాను.

12, శనివారం

బాబాయ్ నిజంగానే వరండాలో కూర్చున్నారు. పెద్దసార్‌కి కావలసిన చీటీలు నేనే వెతికి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క మాటకి నలభై నిమిషాలు. పదకొండింటికి బాబాయ్ టీ కూడా వద్దన్నారు. అది నా వల్ల అయి ఉండదు, కడుపులో మంట అయి ఉంటుంది.

13, ఆదివారం

ఇంట్లో ఇద్దరమూ రోజంతా ఉన్నాం. ఇల్లు చిన్నది. నేను గదిలోకి వెళితే అక్క ముందు గదిలోకి, నేను అక్కడికి వస్తే అక్క గదిలోకి. మధ్యలో అమ్మ చేటతో నిలబడి చూస్తోంది.

"ఏమే గోడా, నీతోనే మాట్లాడుతున్నా. భోజనాలకి లెమ్మని ఆ ఇద్దరికీ చెప్పు. వాళ్ళకి నా మాట వినపడదు, నీ మాటైతే వింటారు."

ఇద్దరమూ గోడ చెప్పినట్టే వెళ్ళి కూర్చున్నాం. అమ్మ వడ్డిస్తూ నా వైపు తిరిగింది.

"ఏమన్నావే దాన్ని?"

"ఏమీ అనలేదు. ఓహో అన్నాను."

"ఒక్క ఓహోకి వారం రోజుల అలకా?" అంది అమ్మ, ఈసారి అక్క వైపు చూసి. "నేను పెళ్ళయి వచ్చినప్పట్నుంచి ఈ ఇంట్లో ఎన్ని ఓహోలు విన్నానో! అన్నిటికీ అలిగి కూర్చుంటే మీరిద్దరూ పుట్టేవాళ్ళే కాదు."

అక్క కంచంలో చూస్తూ, గోడకి చెప్పింది: "ఓహోల్లో తేడాలుంటాయని చెప్పు."

చక్కటి వాక్యాలు. రెండూ గుర్తుపెట్టుకున్నాను. పని పట్ల నాకున్న శ్రద్ధ అలాంటిది.

14, సోమవారం

ముందుగా వెళ్ళి టి అర మొత్తం చూశాను. రెండు వేల పైచిలుకు చీటీలు. ఒకటి నిజంగానే తప్పు చోట ఉంది. చప్పుడు చేయకుండా తీసి దాని చోట పెట్టాను. వరండాలోకి వెళ్ళి తాళాలు ఇచ్చేశాను.

"అంతా చూశాను బాబాయ్. ఒక్కటి కూడా తప్పు లేదు."

"నాకు తెలీదూ!" అన్నారు. అని, జేబులోంచి చాక్లెట్ తీసి సగం విరిచి ఇచ్చారు. పెద్ద సగమే.

పెద్దసార్ అడిగిన ప్రశ్నకి సగం జవాబు దొరికింది. బాబాయ్ ఎదురుచూశారు. ఎంతసేపు ఎదురుచూశారో, గోడ మీద గీతలు గీసి లెక్కపెట్టినట్టు, ఆయన ముఖంలో తెలుస్తోంది.

15, మంగళవారం

అమ్మ వాక్యాన్ని చీటీ మీద రాశాను. "ఒక్క ఓహోకి వారం రోజుల అలకా?" వెనకవైపు: అన్నది, అమ్మ. చోటు, వంటగది. తారీఖు, 13. నీడకి ఒకటి, అనుమానానికి ఒకటి, బాబాయ్‌వి మూడు. దీంతో ఆరయ్యాయి. తట్టలో వేశాను.

అది అక్క చదువుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. నిజంగా.

16, బుధవారం

ఏడో చీటీ. ఆకుపచ్చ సిరా.

"వాక్యం అసంపూర్ణం. ఓహో అన్న తీరు చెప్పలేదు. అది లేకుండా అలక ఎవరిదో పాఠకుడికి తెలియదు."

రాత ఎంత తీరుగా ఉందంటే, ఒక్క అక్షరం కూడా ముక్కు ఎగరేయడం లేదు. అదే ఒళ్ళు మండించేది.

ఎనిమిదో చీటీ, నాది: "మామూలు తీరు."

17, గురువారం

తొమ్మిది, ఆకుపచ్చ: "విన్నవారు అలా నమోదు చేయలేదు. అన్న వ్యక్తి తల ఎత్తలేదు."

పది, నాది: "చదువుతున్న పేజీ ముఖ్యమైనది."

ఈ ఆఫీసులో ఇంత చురుగ్గా చీటీలు తిరగడం నేను చూడలేదు. బాబాయ్ అటూ ఇటూ మోసి అలిసిపోయి, "ఒకే ఇంట్లో పడుకుంటారు కదమ్మా, అక్కడే తేల్చుకోకూడదూ?" అన్నారు.

"నోటితో వాదించకూడదు బాబాయ్. నియమం."

"ఆ నియమం పెట్టినప్పుడు మీ ఇద్దరూ పుట్టలేదు. పుడితే పెట్టేవారు కాదు."

ఇంటికి వస్తూ ఎండలో ఇంకో సంగతి ఆలోచించాను. అక్క వెళ్ళే ఆఫీసులో ఇరవై మంది పనిచేస్తారు, ఒక్కొక్కరికీ కిటికీ పక్కన బల్ల ఉంటుంది. చీటీల గది చల్లగా ఉంటుందట, తలుపుకి రెండు తాళాలట. వాళ్ళ వార్షిక నివేదికలో ఫోటోలున్నాయి. ఊరికే చూశాను.

18, శుక్రవారం

పదకొండు, ఆకుపచ్చ:

"పుస్తకం తలకిందులుగా ఉంది."

అబద్ధం.

19, శనివారం

ఆ పుస్తకం తీసి చూశాను. దాని అట్ట నీలం, మీద బొమ్మ లేదు, అక్షరాలు లేవు. ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. అలాంటి పుస్తకం ఎవరి చేతిలోనైనా తలకిందులవుతుంది.

లోపల అక్షరాలు ఉంటాయి కదా అని నన్నెవరూ అడగలేదు కాబట్టి రాయక్కర్లేదు.

పదకొండో చీటీకి జవాబు ఇవ్వలేదు.

20, ఆదివారం

అక్క పెట్టె సర్దడం మొదలుపెట్టింది. గదిలో నేను నడిచే చోటు సగమైంది.

అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి బట్టలు ఆరేయమంది. తీగ మీద దుప్పటికి అటువైపు నిలబడి, ముఖం కనపడకుండా అడిగింది.

"శనివారం అది వెళ్ళిపోతుంది. నువ్వు ఇలాగే ఉంటావా?"

"నేనెలా ఉన్నాను?"

"మొన్నటిదాకా గొడుగు కింద ఇద్దరూ ఇమడట్లేదని కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అది గొడుగు ఓ పక్కకి వంచి పట్టుకుని నడుస్తోంది, చూశావా? ఎండ దాని నెత్తి మీదే పడుతోంది. నీడంతా పక్కన ఖాళీ జాగాలో పడుతోంది."

నేను చూడలేదు. వెనక నడిచేవాళ్ళకి కనిపించాలి నిజానికి. నేను నేల చూసుకుంటూ నడుస్తాను.

21, సోమవారం

వంచే పట్టుకుంది. చూశాను.

గొడుగు కిందికి వెళ్ళలేదు.

23, బుధవారం

ఓహో అని నేనన్న తీరు మామూలు తీరు అని రాశాను. అది సరికాదు. గొంతు ఎండిపోయి ఉంది. ఓహో కాకుండా ఇంకేమన్నా అని ఉంటే గొంతు ఏమయ్యేదో తెలియదు. ఓహోకి పెదాలు కదిపితే చాలు, గొంతుతో పని తక్కువ.

ఇది చీటీ మీద రాయలేదు. ఇక్కడ రాశాను. ఇక్కడ ఆకుపచ్చ సిరా లేదు.

24, గురువారం

ఇవాళ్టి సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ నవ్వు కూడా వస్తోంది.

పది చీటీలు దాటిన మాట ఏదైనా అందరి ముందూ చదవాలని ఇంకో నియమం ఉంది. నేను మర్చిపోయాను. అక్క కూడా మర్చిపోయినట్టుంది. పెద్దసార్ మర్చిపోలేదు. నలుగురమూ పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆయన అంబ్రేజ్ కట్ట విప్పి ఒకటో చీటీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆయన ఏది చదివినా రైల్వే స్టేషన్లో బండి వేళలు చదివినట్టే ఉంటుంది.

తన వాక్యాలు వినగానే బాబాయ్ నిటారుగా కూర్చున్నారు.

"ఓహో! అందుకా అమ్మా ఆ రోజు నా దగ్గరికొచ్చింది?"

నేను బల్ల కిందికి దూరిపోదామనుకున్నాను. కానీ ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సార్, ఇది అచ్చులో పడుతుందా? అయితే దిద్దించండి. 'ఆ మాట నువ్వనాల్సింది కాదు' అని మెత్తగా అనలేదు నేను. ఇంకా గట్టిగా అన్నాను. ఇంటావిడ చదువుతుంది, మెత్తగా ఉంటే నమ్మదు."

పెద్దసార్ ఆరోది చదివారు. ఏడు. ఎనిమిది. అక్క కిటికీ వైపు చూస్తోంది. తొమ్మిది. పది. నేను నా గోళ్ళు లెక్కపెట్టుకున్నాను, పదే ఉన్నాయి.

"పుస్తకం తలకిందులుగా ఉంది" అని చదివి, పెద్దసార్ చీటీ తిప్పి వెనక చూశారు. ముందువైపు మళ్ళీ చూశారు.

"ఆధారం బలంగా ఉంది" అన్నారు.

బాబాయ్ దగ్గు లాంటిది ఒకటి దగ్గారు.

"ఒక చిక్కు ఉంది" అన్నారు పెద్దసార్. ఆయన ముఖంలో పరిహాసం లేదు. నిజంగా చిక్కే అనుకుంటున్నారు. "ఆరో చీటీ ప్రకారం అలిగింది అక్క. పదకొండో చీటీ ప్రకారం అలిగింది చెల్లెలు. అక్క ఎందుకు అలిగిందో ఉంది. చెల్లెలు ఎందుకు అలిగిందో లేదు. కారణం లేని అలకని నేను అచ్చు వేయను. ఎల్లుండి రెండో పాఠకురాలు ఈ ఊరు వదిలి వెళ్తారు. ఆలోగా పన్నెండో చీటీ రాయాలి, దాని మీద వారి సంతకం ఉండాలి. లేకపోతే ఈ మాట లేకుండానే యు వెళ్తుంది."

"ఒక మాట లేకపోతే ఏమవుతుంది సార్?" అన్నాను.

"ఏమీ కాదు. వెతికినవాళ్ళకి దొరకదు."

25, శుక్రవారం

ఆఫీసులో పన్నెండో చీటీ రాయలేకపోయాను. నాలుగు చించేశాను. ఐదింటికి అక్క తన బల్ల తుడిచి, ఆకుపచ్చ సిరా సీసా మూత బిగించి, బాబాయ్‌కీ పెద్దసార్‌కీ చెప్పి వచ్చేసింది. నేను నాలుగడుగుల వెనక వచ్చాను.

ఇంటికి వచ్చాక పెట్టె మూత పడటం లేదు. పుస్తకాలు ఎక్కువయ్యాయి. అక్క మోకాలితో అదిమింది, చేతులతో అదిమింది. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను.

"రా, కూర్చో దీని మీద" అంది.

ఇరవై రోజుల తరవాత మొదటి మాట. ఇంత మామూలుగా వస్తుందనుకోలేదు. వెళ్ళి కూర్చున్నాను. మూత పడలేదు. అక్క కూడా పక్కన కూర్చుంది. పడింది. చేయి కిందికి పెట్టి గొళ్ళెం వేసింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

"ఏం చెప్పాలి?"

"తెలిస్తే నిన్నెందుకే అడగడం? నేను పరిగెత్తుకుంటూ వచ్చింది నీకు చెప్పడానికి. అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. ముందు నీకే. నువ్వు..." గొళ్ళెం ఇంకోసారి నొక్కింది. "నేను వెళ్ళిపోతున్నానని బాధయితే బాధ అను. ఇష్టం లేకపోతే ఇష్టం లేదను. పుస్తకం తిరగేసి పట్టుకుని ఓహో ఏమిటే, రాక్షసీ?"

నేను నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. అక్క అది చూసి, చేతి సంచీలోంచి ఖాళీ చీటీ ఒకటి తీసింది. ఆఫీసుదే. పెన్సిలు కూడా ఇచ్చింది.

"నోటితో వద్దులే. రాసివ్వు."

రాశాను. ఒక్క వాక్యం. ఇచ్చేశాను.

ఒకసారి చదివింది. రెండోసారి చదివేటప్పుడు వేలు పెట్టి చదివింది, చిన్నపిల్లలు చదివినట్టు. నవ్వుతుందనుకున్నాను. తను నవ్వుతుందన్న భయంతోనే ఇన్ని రోజులూ గడిపాను. నవ్వలేదు.

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు."

"అమ్మకి?"

"ఊహూ."

"ఇంత గుండెలో పెట్టుకుని, నా ఎదురుగా కూర్చుని, ఓహో అన్నావా?"

"అదొక్కటే వచ్చింది."

"పిచ్చి మొహమా" అంది. నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా. "నాకు తెలిసుంటే..."

"తెలిసుంటే నువ్వు ఆగిపోయేదానివి."

"ఆగేదాన్ని కాదు" అంది అక్క. "కానీ ఉత్తరం పట్టుకుని అలా గంతులేసుకుంటూ వచ్చేదాన్ని కాదు" అంది.

పెట్టె మూత ఎప్పుడో పడింది. ఇద్దరమూ లేవలేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరినీ చూసి, గోడ వైపు తిరిగి "నీ ఉద్యోగం ఊడింది, పో" అని చెప్పి వెళ్ళింది.

26, శనివారం

అక్కని రైలెక్కించి నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. పన్నెండో చీటీ పెద్దసార్ ముందు పెట్టాను. వెనకవైపు అక్కే నింపింది, రైలు కదిలే ముందు, నా వీపు మీద పెట్టి. అన్నది, చెల్లి. చోటు, పెట్టె మీద. తారీఖు, 25. కింద, కలంలో మిగిలిన సిరాతో, ఆకుపచ్చ సంతకం. దాని పక్కన చిన్న అక్షరాలతో: "అలిగింది చెల్లెలు. సబబే."

పెద్దసార్ చదివారు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"విన్న వాక్యమేనా? అల్లింది కాదు కదా?"

"కాదు సార్."

"మరి అలిగినవాళ్ళు ఎదురుచూశారా?"

"చూశారు సార్. ఇరవై రోజులు."

"అయితే అలక అనే వేద్దాం" అని, చీటీని తక్కిన పదకొండింటికీ గుచ్చి బాబాయ్‌కి ఇచ్చారు. బాబాయ్ చదవకుండానే దాని చోట పెట్టారు. సరైన చోటే. నేను చూశాను.

ఆ వాక్యం ఇక్కడ ఇంతవరకూ రాయలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

"అక్కకి వచ్చిన ఉద్యోగానికి చెల్లెలు కూడా దరఖాస్తు పెట్టింది, అక్కకంటే రెండు రోజుల ముందు."